తుప్పు పట్టిన పాత డ్రమ్ముల లోహపు సామానును వైబ్రేటరీ టంబ్లర్‌లో వేయవచ్చా?

పాతకిట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా చెమ్మ గదిలో మూలపడి ఉన్న 1960ల నాటి నాలుగు డ్రమ్ముల వాయిద్యపు కిట్ ఒకటి ఈ మధ్య నా చేతికి వచ్చింది. షెల్స్ (డ్రమ్ముల గుండ్రని డొల్లలు) గుండ్రనితనం చెడలేదు, పైతొడుగు కూడా ఒక్కచోట అంచు లేవడం తప్ప బాగానే ఉంది. బాధంతా లోహపు సామానుతోనే. బేస్ డ్రమ్ముకు 20, చిన్న టామ్‌కు 12, ఫ్లోర్ టామ్‌కు 16, స్నేర్‌కు 20 చొప్పున మొత్తం 68 టెన్షన్ రాడ్లు (డ్రమ్ము తోలును బిగించే మర కడ్డీలు) ఉన్నాయి. ఇవి కాక బేస్ డ్రమ్ము క్లా హుక్కులు (అంచు చట్రాన్ని పట్టే కొక్కేలు) 20, లగ్గులు (షెల్‌కు బిగించిన, రాడ్లు దిగే దిమ్మలు), వాటి లోపలి స్వివెల్ నట్లు (రాడ్లు బిగిసే నట్లు), స్ప్రింగులు, వాషర్లు, ఫ్లోర్ టామ్ కాళ్ళు మూడు ఉన్నాయి.

రాడ్ల తలల మీద నాలుగు పక్కలా గసాలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు కనిపిస్తున్నాయి. థ్రెడ్ల (మర చుట్ల) మధ్య పల్లాల్లో మాత్రం తుప్పు గట్టిపడి, పాత నూనెతో కలిసి నల్లగా మేకు వేసినట్టు పట్టుకుని ఉంది. అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్ళలో తడిపి రుద్దితే తలలు మెరుస్తున్నాయి కానీ థ్రెడ్లలోకి ఫాయిల్ దూరడం లేదు. అందులో ఒక్కో రాడ్‌కు పావుగంట పట్టింది, ఆ లెక్కన రాడ్లకే పదిహేడు గంటలు రుద్దాలి. ఎనిమిదోది పూర్తయ్యేసరికి నా వేళ్ళు పనికి రాకుండా పోయాయి.

తూటాల ఇత్తడి గుల్లలను శుభ్రం చేసే చిన్న వైబ్రేటరీ టంబ్లర్ (వణుకుతూ సామానును రుద్దే యంత్రం) ఒకటి స్నేహితుడి దగ్గర ఉంది, వాడుకోమంటున్నాడు. సామానంతా ఒకేసారి అందులో పోసి రాత్రంతా వదిలేయవచ్చా? క్రోమ్ పూత అరిగిపోతుందా? ఏ నూక (సామానుతోపాటు గిన్నెలో పోసే రుద్దుడు పొడి) వాడాలి, ఎంతసేపు తిప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మరచుట్టు (జవాబు)

పాతకిట్టు గారూ, టంబ్లర్ మీ పనికి వస్తుంది. అయితే సామానంతా ఒకేసారి పోస్తే మాత్రం మొదటికే మోసం వస్తుంది. ముందు ఒక పూట కూర్చుని, ఏ ముక్క ఏ లోహమో వేరు చేసుకోండి. ఈ పనిలో కష్టమైన భాగం అదే, మిగతాది యంత్రం చూసుకుంటుంది.

ఒక అయస్కాంతం తీసుకోండి. రాడ్లు, క్లా హుక్కులు, వాషర్లు, కాళ్ళు చాలావరకు ఉక్కువి కాబట్టి గట్టిగా అతుక్కుంటాయి. లగ్గులు సాధారణంగా జింకు మిశ్రమంతో పోత పోసినవి, వాటికి అయస్కాంతం అతుక్కోదు. స్వివెల్ నట్లు ఇత్తడివీ ఉంటాయి, ఉక్కువీ ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కుంది. నికెల్ కూడా అయస్కాంతానికి లొంగే లోహమే, అందువల్ల దళసరి నికెల్ పూత ఉన్న ఇత్తడి ముక్క దగ్గర బలమైన అయస్కాంతం పెడితే కొద్దిగా లాగినట్టు అనిపిస్తుంది. ఆ మెత్తని లాగుడు చూసి ఉక్కు అనుకోవద్దు; ఉక్కయితే చేతిలోంచి జారిపోయేంత గట్టిగా పట్టుకుంటుంది.

తరువాత పూతను చూడండి. మనం క్రోమ్ అని పిలిచే మెరుపులో క్రోమియం ఉండేది పైపైన మాత్రమే, దాని మందం సాధారణంగా ఒక మైక్రాన్‌లోపే. దాని కింద అంతకు ఎన్నో రెట్ల మందంతో నికెల్, కొన్నిసార్లు ఆ కింద రాగి ఉంటాయి. క్రోమియం చాలా గట్టిది, అక్రోటు పెంకుల నూక దాన్ని గీయలేదు. కానీ ఆ పూతలో కంటికి కనిపించని సూదిబెజ్జాలు ఉంటాయి, చెమ్మ వాటి గుండా దిగి ఉక్కును తింటుంది. మీ రాడ్ల తలల మీద కనిపించే గసాల చుక్కలు ఒక్కొక్కటీ అలాంటి బెజ్జం నుంచి పైకి ఉబికిన తుప్పే. పైన కనిపించే దాన్ని టంబ్లర్ తుడిచేస్తుంది కానీ బెజ్జాన్ని పూడ్చదు. తుడిచాక అక్కడ నల్లని చుక్క మిగిలితే యంత్రం పనిచేయలేదని అనుకోకండి, అక్కడ పూత ఎప్పుడో పోయింది.

తిరిగే పీపా తరహా టంబ్లర్‌లో సామాను పైకి లేచి ఒకదానిమీద ఒకటి పడుతుంది, అందుకే బరువైన ముక్కల అంచులు నొక్కుకుపోతాయి. వైబ్రేటరీ రకంలో ఆ బాధ తక్కువ. మోటారుకు ఒక పక్కకు ఒరిగిన బరువు తగిలించి ఉంటుంది, అది తిరిగేటప్పుడు స్ప్రింగుల మీద కూర్చున్న గిన్నె మొత్తం వణుకుతుంది, లోపలి నూక గిన్నె చుట్టూ తిరుగుతూనే కింది నుంచి పైకి మెల్లగా పొర్లుతుంది. మూత తీసి చూసినప్పుడు రాడ్లు ఒక చోట మునిగి మరోచోట తేలుతూ ఉంటే పని సవ్యంగా సాగుతున్నట్టు. అన్నీ అడుగున చేరి కదలకపోతే మీరు ఎక్కువ వేసినట్టే, మోటారు వేడెక్కేలోపు కొన్ని తీసేయండి.

నా పద్ధతి చెబుతాను. గిన్నెలో మూడింట రెండు వంతులు అక్రోటు నూక పోసి, మైనం కలిసిన కారు పాలిష్ ఒక మూతెడు వేసి, సామాను లేకుండా పది పదిహేను నిమిషాలు ఖాళీగా తిప్పుతాను. అలా చేయకపోతే పాలిష్ ఉండలు కట్టి రాడ్ల థ్రెడ్లలో ఇరుక్కుంటుంది. తరువాత ఇరవైకి మించకుండా రాడ్లు వేసి నాలుగు గంటలు తిప్పి, ఒకదాన్ని తీసి చూసి, అవసరమైతే మరో నాలుగు గంటలు. పేపర్ టవల్ ముక్కలు రెండు కూడా అందులో పడేస్తే తుప్పుపొడిని అవి పీల్చుకుంటాయి. తీసేటప్పుడు వాటి రంగు చూస్తే ఎంత మురికి వదిలిందో మీకే తెలుస్తుంది. మొక్కజొన్న కండెల నూక మెరుగు కోసం బాగుంటుంది కానీ తుప్పు మీద దాని ప్రభావం తక్కువ, కాబట్టి దాన్ని ఆఖరి గంటకు ఉంచుకోండి. సిరామిక్ ముక్కలను మాత్రం దగ్గరకు రానివ్వద్దు. అవి లోహాన్ని కోయడానికి చేసినవి, పూత ఉన్న సామానును వాటితో తిప్పడం ఆకురాయితో రాయడంతో సమానం.

రాడ్లను వేసేముందు ఒక గాజు పలక మీద దొర్లించి చూడండి. వంకర ఉన్నది తడబడుతూ దొర్లుతుంది. వంగిన రాడ్‌కు ఎంత మెరుగు పెట్టినా డ్రమ్ము శృతి చేసేటప్పుడు అది ఏడిపిస్తుంది, దాని మీద సమయం వృథా చేయకండి.

నికెల్‌పూత (జవాబు)

మరచుట్టు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ క్రమం విషయంలో నా అభిప్రాయం వేరు. థ్రెడ్లలో గట్టిపడిన తుప్పును పొడి నూకతో వదిలించాలని చూడటం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఎనిమిది గంటలు తిప్పినా తలలు అద్దాల్లా మెరుస్తాయి, పల్లాల్లోని నల్ల పెచ్చు అలాగే ఉంటుంది, ఎందుకంటే నూక గింజ ఆ పల్లం కంటే లావుగా ఉంటుంది. అంగుళానికి 24 చుట్లున్న థ్రెడ్ అంటే ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దూరం మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ముందు నానబెట్టాలి, తరువాతే టంబ్లర్.

నానబెట్టడానికి ఆమ్లం లేని, ఇనుప ఆక్సైడును పట్టి లాగే కీలేటింగ్ ద్రావకాలు దొరుకుతాయి. వాటిలో పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు ఉంచితే తుప్పు కరుగుతుంది, ఉక్కు దాదాపు చెక్కుచెదరదు. అది లేకపోతే లీటరు నీటికి 50 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కలిపి వాడవచ్చు, కానీ ప్రతి అరగంటకూ వెళ్ళి చూడాలి. ఆమ్లం సూదిబెజ్జాల గుండా దిగి పూత కింద ఉక్కును కొరకడం మొదలుపెడితే, అప్పటిదాకా నిలబడి ఉన్న క్రోమ్ కూడా పెచ్చులుగా లేస్తుంది. తీశాక వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి, మంచినీటితో కడిగి, వెంటనే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. తడి ఉక్కును పది నిమిషాలు వదిలేసినా కొత్త తుప్పు నారింజరంగు పొరలా కమ్ముకుంటుంది, నేను ఫోన్ మాట్లాడి వచ్చేలోగా ఒక గిన్నెడు వాషర్లకు అలా జరిగింది.

జింకు పోత లగ్గులను ఏ ఆమ్లంలోనూ వేయవద్దు. వాటి మీద మీకు కనిపించేది ఎర్ర తుప్పు కాదు, తెల్లని పొడి, దాని చుట్టూ పొక్కుల్లా లేచిన పూత. ఆమ్లం పొక్కు కిందికి చేరితే జింకు కరిగిపోతుంది. లగ్గులకు గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్, ఆరాక కాస్త మైనం చాలు. వాటిని టంబ్లర్‌లో వేయాల్సిన అవసరమే నాకు కనిపించదు. రాడ్లతో కలిపి వేస్తే మాత్రం రాడ్ల మొనలు లగ్గుల ముఖాల మీద గాట్లు పెడతాయి.

స్ప్రింగుల సంగతి కూడా చెప్పాలి. గట్టిపరచిన ఉక్కును ఆమ్లంలో ఉంచితే హైడ్రోజన్ లోపలికి ఇంకి పెళుసెక్కుతుంది, అందువల్ల లగ్గుల్లోని స్ప్రింగులను నానబెట్టవద్దు. ఇంకో మాట. పాత స్క్రూలకు, వాషర్లకు, స్ప్రింగులకు ఆ రోజుల్లో కాడ్మియం పూత వేయడం మామూలు విషయం. చూడటానికి అది జింకు పూతలాగే ఉంటుంది, కంటితో తేడా చెప్పడం కష్టం. దాని ధూళి విషం. మసకబారిన వెండిరంగులో, కొంచెం పసుపు జీర ఉన్న చిన్న ముక్కలను టంబ్లర్‌లో వేసి పొడి చేయకుండా, తడిబట్టతో తుడిచి వదిలేయడం మేలు.

క్రోమ్ సామాను గురించి మీకు అంత భయం అక్కర్లేదు కానీ, ఎప్పుడైనా 1920ల నాటి డ్రమ్ము దొరికితే మాత్రం జాగ్రత్త. అలంకారానికి క్రోమ్ పూత వేయడం 1920ల చివర్లో మొదలై తరువాతి దశాబ్దంలో వాడుకలోకి వచ్చింది, అంతకు ముందువి ఎక్కువగా వట్టి నికెల్. క్రోమ్ కాస్త నీలిఛాయలో, నికెల్ కాస్త పసుపుఛాయలో కనిపిస్తాయి. నికెల్ మెత్తన, పాలిష్ కలిపిన నూకలో గంటల తరబడి తిప్పితే అంచుల దగ్గర కింది ఇత్తడి బయటపడుతుంది. ఒకసారి బయటపడ్డాక దాన్ని మళ్ళీ కప్పాలంటే పూత వేసేవారి దగ్గరకు వెళ్ళక తప్పదు. నా పేరు చూసి నేను పక్షపాతంతో చెబుతున్నానని అనుకున్నా పరవాలేదు.

నూకలబస్తా (జవాబు)

రెండు చిన్న విషయాలు చేర్చుతాను.

మీ స్నేహితుడి టంబ్లర్‌లో ఇప్పటికే ఉన్న నూకను వాడవద్దు. తూటా గుల్లల్లో మిగిలిన ప్రైమర్ (తూటాను అంటించే మందు) మసిలో సీసం ఉంటుంది, అది నూకలో చేరి ఉంటుంది. ఆ నూకను జల్లెడ పట్టేటప్పుడు లేచే ధూళిని పీల్చడం ప్రమాదం. గిన్నెను తడిబట్టతో తుడిచి, కొత్త నూక పోసి, మూత పెట్టి, గాలి ఆడే చోట నడపండి. జల్లించేటప్పుడు మాస్కు పెట్టుకోండి. అక్రోటు అంటే ఒంటికి పడనివారు ఇంట్లో ఉంటే కండెల నూకకే పరిమితం కండి.

వాషర్లు చదునుగా ఉంటాయి కనుక ఒకదానికొకటి నాణేల దొంతరలా అంటుకుని తిరుగుతాయి, మధ్యలో ఉన్నవాటికి నూక తగలనే తగలదు. ఒక సన్నని తీగను వదులుగా ఉంగరంలా చుట్టి, దానికి ఆరేడు వాషర్లు గుచ్చి వేయండి. స్వివెల్ నట్లను వేయకండి, ఎందుకో మీరే వేసి తెలుసుకోవచ్చు.

పాతకిట్టు

మరచుట్టు గారికి, నికెల్‌పూత గారికి, నూకలబస్తా గారికి కృతజ్ఞతలు. పది రోజులు పట్టింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట చిన్న టామ్ తాలూకు 12 రాడ్లను నానబెట్టకుండా నేరుగా వేశాను, ఎవరి మాట నిజమో చూడాలనిపించింది. నాలుగు గంటల తరువాత తలలు చాలా బాగా వచ్చాయి. థ్రెడ్లు మాత్రం నికెల్‌పూత గారు చెప్పినట్టే ఉన్నాయి. గోటితో గీరితే నల్ల పెచ్చు కదలలేదు. ఇంకో నాలుగు గంటలు తిప్పాక పెచ్చు పైభాగం నున్నగా మెరిసింది, అంటే తుప్పుకే మెరుగు పెట్టానన్నమాట.

రెండో విడతలో ఫ్లోర్ టామ్ 16 రాడ్లను కీలేటింగ్ ద్రావకంలో ఒక రాత్రి, ఒక పగలు ఉంచాను. తీసినప్పుడు థ్రెడ్లు బూడిదరంగులోకి మారాయి, పాత పళ్ళబ్రష్‌తో ఒక్కసారి తోమితే నల్లని బురదంతా జారిపోయింది. కడిగి, ఆరబెట్టి, మరచుట్టు గారి పద్ధతిలో నాలుగు గంటలు తిప్పాను. ఇప్పుడు ఆ రాడ్లను డ్రమ్ కీ లేకుండా వేళ్ళతోనే నట్లలోకి చివరిదాకా తిప్పగలుగుతున్నాను. తలల మీద అక్కడక్కడ నల్లచుక్కలు మిగిలాయి, అడుగు దూరం నుంచి కనిపించవు. మొదటి 12 రాడ్లను కూడా మళ్ళీ నానబెట్టాల్సి వచ్చింది.

క్లా హుక్కుల్లో ఒకదానికి వంపు దగ్గర క్రోమ్ అంచు ముందే కాస్త లేచి ఉంది, నేను గమనించలేదు. టంబ్లర్‌లోంచి తీసేసరికి చిటికెన వేలి గోరంత మేర పూత ఊడి, అంచు బ్లేడులా మారింది. ముట్టుకోగానే వేలు తెగింది. మిగతా 19 బాగున్నాయి.

నూకలబస్తా గారూ, మీ ఆఖరి వాక్యం చదివాక కూడా స్వివెల్ నట్లు నాలుగింటిని వేశాను. నూక థ్రెడ్లలోకి ఎంత గట్టిగా దట్టించుకుందంటే, సూదితో ఒక్కోదాన్ని ఖాళీ చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మిగతావాటిని ద్రావకంలో నానబెట్టి బ్రష్‌తో సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. నల్లచుక్కల దగ్గర మళ్ళీ తుప్పు రాకుండా ఏం చేయాలి? హూప్‌లు (తోలును పట్టి ఉంచే గుండ్రని చట్రాలు) గిన్నెలో పట్టవు, వాటికి ఏది మార్గం?

మరచుట్టు

థ్రెడ్ల విషయంలో నా మాట కంటే నికెల్‌పూత గారి మాటే నిలబడింది, ఒప్పుకుంటున్నాను. నేను ఇంతకాలం తిప్పిన రాడ్లలో తుప్పు తలల మీదే ఉండేది, థ్రెడ్లు నూనెలో భద్రంగా ఉండేవి, అందుకే తేడా తెలియలేదు.

నల్లచుక్కలున్న చోట పూత లేదు కాబట్టి గాలిని ఆపేది ఏదో ఒకటి కావాలి. తలలకు కారు మైనం పలుచగా పట్టించి, ఆరాక మెత్తని బట్టతో తుడవండి. ఏడాదికి రెండుసార్లు, తోళ్ళు మార్చినప్పుడల్లా ఒకసారి పట్టిస్తే చాలు. థ్రెడ్లకు లిథియం గ్రీజు అగ్గిపుల్ల చివరతో ఒక్క చుక్క పెట్టి నట్లో తిప్పితే అదే పాకుతుంది. ఎక్కువ పెడితే దుమ్ము పట్టి మళ్ళీ ఆ నల్ల పేస్టే తయారవుతుంది. టంబ్లర్‌లోంచి తీసిన రాడ్లకు పాలిష్ జిడ్డు అంటి ఉంటుంది, గ్రీజు పెట్టేముందు స్పిరిట్‌తో ఒకసారి తుడవండి.

హూప్‌లకు మీ ఫాయిల్ పద్ధతే మంచిది. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన కాబట్టి గీతలు పడవు. లోపలి వంపులో, రాడ్ల రంధ్రాల చుట్టూ తుప్పు ఎక్కువగా ఉంటుంది, అక్కడ ద్రావకంలో తడిపిన గుడ్డపీలికలు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా ఉంచండి. గుడ్డ ఆరిపోతే పని ఆగిపోతుంది, కవరు అందుకే. రుద్దేముందు హూప్‌ను చదునైన గాజు మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. పాత హూప్‌లు ఒరిగి ఉంటే తోలు సమంగా బిగియదు.

ఆ పూత ఊడిన క్లా హుక్కు అంచును సన్నని ఆకురాయితో ముందు మొద్దు చేయండి, లేకపోతే ఈసారి బేస్ డ్రమ్ము హూప్ పైతొడుగును కోస్తుంది.

నికెల్‌పూత

ఒక్క విషయం మరిచాను. తరువాత ఎప్పుడైనా ఇత్తడి నట్లను తిప్పాలనిపిస్తే, అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌ను నూకలో కలపకండి. అమోనియా తగిలిన ఇత్తడి బిగింపులో ఉన్నప్పుడు పగుళ్ళిచ్చే ప్రమాదం ఉంది, స్వివెల్ నట్ ఎప్పుడూ బిగింపులోనే బతుకుతుంది. లగ్గులు విప్పే ఉన్నాయి కనుక స్ప్రింగుల్లో చిన్న ఫెల్ట్ ముక్కలు దూర్చి బిగించండి. పాత లగ్గుల్లో స్ప్రింగులు డ్రమ్ముతోపాటు గుయ్‌మని మోగుతూ ఉంటాయి, మళ్ళీ విప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

పాతకిట్టు

అంచు మొద్దు చేశాను, ఆ క్లా హుక్కును బేస్ డ్రమ్ము అడుగున, నేల వైపు ఉండేచోట బిగించాను. ఫెల్ట్ దూర్చాను. స్నేర్ తాలూకు 20 రాడ్లు ప్రస్తుతం ద్రావకంలో ఉన్నాయి. హూప్‌లలో ఒకటి గాజు మీద ఊగుతోంది, దాని గురించి విడిగా అడుగుతాను.